ల్యాబు రిపోర్టులో ‘విషం లేదు’ అని వస్తే అది సహజ మరణమేనా?

మీ నాన్నగారి విసెరా రిపోర్టులో, అంటే పోస్ట్‌మార్టంలో తీసిన లోపలి అవయవాల ముక్కలు పరీక్షించి ల్యాబు ఇచ్చే కాగితంలో, విషం లేదని వచ్చింది, ఇక సహజ మరణమే అనుకోవాలా అని అడిగారు. అక్కర్లేదు. వాళ్లు వెతికిన విషాలు దొరకలేదని మాత్రమే దాని అర్థం. ఏం వెతకమని పోలీసులు అడిగారన్నది వేరే కాగితంలో, ఆ ముక్కలతో పాటు ల్యాబుకి పంపే ఫార్వర్డింగ్ లెటర్లో ఉంటుంది. ముందు ఆ కాగితం చూడండి.

నేను డాక్టర్ని కాను, పోలీసునూ కాను. ఒడిశాలో, ఆంధ్రా బోర్డరు పక్కనున్న పర్లాకిమిడి కోర్టు దగ్గర జిరాక్సు షాపు నాది. తెలుగులో చెప్పుకున్న గోడుని ఒడియాలో అర్జీగా రాసిపెట్టడం పక్క పని.

మా మామయ్యది వంశధార గట్టు పల్లె. మూడేళ్ల కిందట వానాకాలంలో చాప వేసుకుని కింద పడుకున్నాడు. తెల్లారగట్ల కడుపునొప్పి అంటూ లేచాడు. గ్యాసేమోనని అత్త వాము నీళ్లు ఇచ్చింది. కాసేపటికి ‘కళ్లు తెరవలేకపోతన్నానే’ అన్నాడట. రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయిపోయింది. ఆటోలో ఆంధ్రా వైపు పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే బోర్డరు దాటకముందే పోయాడు. దాటాక పోయి ఉంటే రెండు రాష్ట్రాల స్టేషన్లు, రెండు భాషల కాగితాలు. ఆ గోల ఇంకోసారి చెప్తాను.

ఒంటి మీద గాటు కనపడలేదు. కట్లపాము కరిస్తే అంతేనని తర్వాత ఒక డాక్టరుగారు చెప్పారు. సన్నటి కోరలు, నొప్పీ వాపూ పెద్దగా ఉండవు, నిద్రలో ఉన్న మనిషికి కరిచిన సంగతే తెలియకపోవచ్చు. కడుపునొప్పి, రెప్పలు వాలడం, చివరికి ఊపిరి తీసే కండరాలు పడిపోవడం.

అసహజ మరణం కింద, మా వాళ్లు యూడీ కేసంటారు, అది రాసుకుని పోస్ట్‌మార్టం చేశారు. దినవారాలు అయ్యాక నేను షాపు తెరిచిన రోజే ఒక కానిస్టేబుల్ ఫార్వర్డింగ్ లెటర్ కాపీల కోసం వచ్చాడు. చంకలో తెల్లగుడ్డ చుట్టిన పెట్టె, దాని మీద లక్క సీళ్లు. మెషిను మీద పెట్టబోతుంటే ‘బాబూ, అది కింద పెట్టు’ అన్నాను. ‘కింద ఎట్టకూడదు బావూ, సీలు పగిల్తే నా ఉజ్జోగం పోద్ది’ అని స్టూలు అడిగి, దాని మీద పెట్టి, చెయ్యి తియ్యకుండా నిలబడ్డాడు. కాగితాన్ని అద్దం మీద పరిచేటప్పుడు పేరు చూశాను. ఆ పెట్టెలో, ఉప్పునీళ్ల సీసాల్లో, మామయ్య కడుపూ కాలేయం ముక్కా ఉన్నాయి.

లెటర్ మొత్తం చదివాను. పురుగుమందు గానీ మద్యం గానీ ఉందేమో పరీక్షించి తెలపాలని ఉంది. పాము ఊసే లేదు. చదివి, నాలుగు కాపీలు తీసి, ఎనిమిది రూపాయలు తీసుకున్నాను. పోలీసోళ్లకి తెలీదా ఏమిటి అనుకున్నాను.

అసలు జరిగింది ఇదీ. పంచనామాలో మా అత్త ‘పురుగేదో ముట్టినట్టుంది బావూ’ అని చెప్పింది. మన ఇళ్లలో పాముని పాము అనరు కదా, పురుగనే అంటారు. రాసుకున్నాయన దాన్ని ఒడియాలో ‘పోక’ చేశాడు. పోక అంటే మిడతా చీమా లాంటి పురుగు. చీమ కుట్టి మనిషి చస్తాడా అనుకున్నారో ఏమో, పైగా రైతు ఇల్లు, చూరులో చేను మందు డబ్బా. ల్యాబుకి చేరేసరికి పురుగు కాస్తా పురుగుమందు అయిపోయింది.

పదకొండు నెలలకి రిపోర్టు వచ్చింది, విషపదార్థం ఏదీ కనిపించలేదని. నిజమే రాశారు. పాము విషం ప్రోటీను, పురుగుమందుకి చేసే పరీక్షల్లో అది దొరకదు. దానికి యాంటీబాడీలతో చేసే ఎలీసా లాంటి పరీక్ష వేరే ఉంది, అది అన్నిచోట్లా చెయ్యరు. కాటు అనుమానం ఉంటే అక్కడి చర్మం కొంచెం, పోల్చడానికి రెండోవైపు చర్మం కొంచెం తీసి పంపాలి. పాము అన్న మాటే లేనప్పుడు ఎవరు తీస్తారు? ఒడిశాలో పాముకాటు మరణానికి ప్రభుత్వం 4 లక్షలు ఇస్తుంది. ‘విషం లేదంటున్నారు కదమ్మా, పామెక్కడిది’ అని మా అత్తని వెనక్కి పంపేశారు.

ల్యాబులు చాలవు, ఫోరెన్సిక్ వ్యాన్లు కావాలి అని టీవీలో తెగ అరుస్తారు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలకి ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలట. మంచిదే. మా మామయ్యది నేరం కాదు కాబట్టి ఆ వ్యాను మా వీధికి రాదు. నన్నడిగితే సగం కేసులు ల్యాబు గుమ్మం తొక్కకముందే చెడిపోతాయి. మా జిల్లాలో స్టేషన్‌కి ముందు కావాల్సింది తెలుగూ ఒడియా, అక్కడక్కడా సవర కూడా తెలిసిన మనిషి.

సరిగ్గా అడిగితే సైన్సు ఎంత దూరమైనా వెళ్తుంది. కేరళ కొల్లం జిల్లాలో 2020లో ఒకడు భార్యని నాగుపాముతో కరిపించి చంపాడు. పోలీసులు బొమ్మ మనిషికి కోడిమాంసం కట్టి, పాము తనంతట తాను కరిస్తే కోరల గాట్ల మధ్య దూరమెంత, తల నొక్కి కరిపిస్తే ఎంత అని కొలిపించారు. నొక్కితే ఎక్కువ వచ్చింది. మరుసటి ఏడు వాడికి జీవిత ఖైదు పడింది. అక్కడ ఆ ప్రశ్న అడగాలని ఎవరికో తట్టింది.

మా ఫైలు ఇప్పుడు మళ్లీ కదిలింది. ఆరోజు మామయ్యని మొదట చూసిన ఊరి ఆర్‌ఎంపీ వైద్యుడి చేత ఆ రెప్పల సంగతి రాయించి పోస్ట్‌మార్టం డాక్టరుగారికి ఇచ్చాం. లక్షణాలు కట్లపాము కాటుకి సరిపోతున్నాయని ఆయన అభిప్రాయం రాసిచ్చారు. డబ్బు ఇంకా రాలేదు. అత్తకి నేనింకా ఆ ఎనిమిది రూపాయల సంగతి చెప్పలేదు.

మీరు మాత్రం స్టేషన్లో పంచనామా, ఫార్వర్డింగ్ లెటర్ కాపీలు రెండూ అడగండి. ఒడియాలో ఉంటే పేర్లు కప్పేసి ఫొటో పంపండి, చదివి చెప్తాను. లెటర్లో ఏం వెతకమన్నారో ఉండే ఆఖరి పేరా ఫొటోలో తప్పకుండా రావాలి.