గుడి ఒక్కటే చూసి వెళ్లిపోకండి

చి. సౌ. చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అత్తగారినీ మామగారినీ తీసుకుని జూన్‌లో కొలంబస్ నుంచి పిట్స్‌బర్గ్ వస్తున్నామని చెప్పావు, చాలా సంతోషం. సరిగ్గా అదే వారం అక్కయ్య పురిటికి నేను టెక్సాస్‌లో ఉండాల్సి వచ్చింది. దగ్గరుండి చూపించలేను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

"వెంకన్న దర్శనం చేసుకుని సాయంత్రానికి వచ్చేస్తాం" అన్నావు. అలా చెయ్యకు తల్లీ. మనవాళ్లలో చాలామంది అంతే చేస్తారు. ఈ ఊళ్లో కాపురం పెట్టకముందు నేనూ రెండుసార్లు అలాగే వచ్చి, పులిహోర తిని వెనక్కి వెళ్లిపోయాను. ఇక్కడ మూడు నదులు కలుస్తాయన్న సంగతే పట్టించుకోలేదు. శుక్రవారం బయల్దేరి రెండు రాత్రులు ఉండండి.

ఫోర్ట్ పిట్ టన్నెల్ దగ్గరికి ఆరున్నర దాటాక చేరేలా చూసుకోండి, ముందైతే ఆఫీసుల ట్రాఫిక్ ఉంటుంది. అన్నయ్యగారిని, అదే మీ మామగారిని, ముందు సీట్లో కూర్చోబెట్టు. కొండలోంచి బయటికి రాగానే నది, పసుపుపచ్చ వంతెనలు, ఎత్తైన భవనాలు అన్నీ ఒక్కసారిగా కళ్లముందుకొస్తాయి. అల్లుడు మాత్రం రోడ్డు మీదే కన్నేసి ఉంచాలి. వంతెన మీద లేన్ మారడానికి ఉండే దూరం చాలా తక్కువ. దారి తప్పినా టెన్షన్ పడొద్దు, ఇంకో వంతెన ఎక్కి తిరిగి రావచ్చు. ఊళ్లో మొత్తం 446 వంతెనలున్నాయంటారు. ఇంకో మాట. సిగ్నల్ పచ్చబడగానే ఎదుటివైపు ఎడమకు తిరగాల్సిన మొదటి కారు మీకంటే ముందు తిరిగేస్తుంది. ఇక్కడి అలవాటు అది. ఒక్క క్షణం ఆగి కదలమని చెప్పు.

ఆ సాయంత్రమే మౌంట్ వాషింగ్టన్ ఎక్కండి. కొండవాలున పట్టాల మీద ఎక్కి దిగే పెట్టెలున్నాయి, ఇంక్లైన్ అంటారు. గిలక బావికి రెండు చేదలు కట్టినట్టు, ఒకటి పైకి వస్తుంటే ఇంకోటి కిందికి దిగుతుంది. కొండ మీద కాపురముండే కార్మికులు నది ఒడ్డున ఉన్న ఫ్యాక్టరీలకు వీటిలోనే దిగేవాళ్లు. ఇప్పుడు మిగిలినవి రెండే. వదినగారికి మోకాళ్ల నొప్పులు కాబట్టి స్టేషన్ స్క్వేర్ ఎదురుగా ఉన్న మొనొంగహీలా ఇంక్లైన్ ఎక్కించు. 1870 నుంచి నడుస్తోంది. పైన గ్రాండ్‌వ్యూ అవెన్యూలో కూర్చుని దీపాలు వెలిగేదాకా ఉండండి.

శనివారం పొద్దున్నే స్ట్రిప్ డిస్ట్రిక్ట్‌కి వెళ్లండి. పెన్ అవెన్యూ పొడుగునా కూరగాయలు, చీజ్, మసాలాలు, చేపలు అమ్ముతారు. తొమ్మిది దాటితే పార్కింగ్ దొరకడం కష్టం. ప్రిమాంటీ బ్రదర్స్ శాండ్‌విచ్‌లో ఆలుగడ్డ వేపుళ్లూ క్యాబేజీ సలాడూ బ్రెడ్డు మధ్యలోనే పెట్టి ఇస్తారు. అల్లుడు తినొచ్చు గానీ, దాదాపు అన్నింట్లో మాంసం ఉంటుంది. పెద్దవాళ్లకి పిరోగీలు తినిపించు. ఆలుగడ్డ, చీజ్ కూరిన పోలండ్ వంటకం, చూడ్డానికి కజ్జికాయలా ఉంటుంది. కొన్నిచోట్ల పైన బేకన్ చల్లుతారు, ముందే అడుగు.

తర్వాత అన్నయ్యగారి కోసం తప్పకుండా కెర్రీ ఫర్నేసెస్‌కి వెళ్లాలి. ముప్పై ఏళ్లు విశాఖ స్టీల్ ప్లాంట్‌లో చేసిన మనిషి, ఉక్కుతోనే పేరు తెచ్చుకున్న ఊరికి వచ్చి, ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ చూడకుండా వెళ్తే ఎలా? మొనొంగహీలా ఒడ్డున, రాంకిన్‌లో రెండు పాత ఫర్నేసులు తుప్పుపట్టి అలాగే నిలబడి ఉన్నాయి. 1907 నుంచి 1970ల చివరిదాకా మండాయి. కరిగిన ఇనుమును రైలు పెట్టెల్లో నింపి, వంతెన మీదుగా అవతలి ఒడ్డున ఉన్న హోమ్‌స్టెడ్ కర్మాగారానికి పంపేవాళ్లట. కెర్రీ అంటే ఒక స్త్రీ పేరు. విశాఖలో ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టిన సంగతి ఆయనే నీకు చెబుతారు. అక్కడ ఆయన్ని తొందరపెట్టకు. లోపలికి టూర్‌లోనే వెళ్లాలి, అదీ చలికాలంలో ఉండదు. టికెట్లు ముందే కొనాలి, కాళ్లకు బూట్లుండాలి. ఆ నడక వదినగారికి కష్టం. ఆవిణ్ణి నువ్వు ఓక్‌లాండ్‌లో ఫిప్స్ అద్దాల తోటకి తీసుకెళ్లు. ఓపికుంటే దగ్గర్లోనే కెథడ్రల్ ఆఫ్ లెర్నింగ్ అనే 42 అంతస్తుల యూనివర్సిటీ భవనం ఉంది. అందులో ఒక్కో దేశానికి ఒక్కో తరగతి గది, మన దేశపు గదిని నలందా నమూనాలో కట్టారు.

సాయంత్రానికి నలుగురూ నదులు కలిసే చోటికి, పాయింట్‌కి చేరుకోండి. ఈ ఊళ్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అది. ఉత్తరం నుంచి అలెఘేనీ, దక్షిణం నుంచి మొనొంగహీలా వచ్చి కలిసి, అక్కణ్ణుంచి ఒహాయో నదిగా 981 మైళ్లు పారి మిసిసిపీలో కలుస్తాయి. ఆ కొసన 150 అడుగుల ఎత్తు ఎగిరే ఫౌంటెన్ ఉంది. దానికి నీళ్లు ఈ నదులవి కావు. భూమి అడుగున, హిమయుగంలో ఏర్పడిన గులకరాళ్ల పొరలో ఉన్న నీళ్లను తోడతారు. ఇక్కడివాళ్లు దాన్ని నాలుగో నది అంటారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు ప్రయాగలో అంతర్వాహినిగా పారే సరస్వతి గుర్తొచ్చి ఒళ్లు పులకరించింది. వదినగారికి అక్కడ నిలబెట్టి చెప్పు ఈ సంగతి.

ఆదివారం పొద్దున్నే గుడికి వెళ్లండి. పెన్ హిల్స్‌లో కొండవాలున తెల్లగా కనిపిస్తుంది. 1970ల్లో కట్టారు, ఈ దేశంలోని పాత హిందూ ఆలయాల్లో అదొకటి. వేరే ఊళ్ల కార్లు వచ్చేలోపు చేరితే దర్శనం నిదానంగా అవుతుంది. తిరిగొచ్చేటప్పుడు స్క్విరల్ హిల్ టన్నెల్ దగ్గర కార్లు ఆగిపోతాయి. నీళ్లూ, వదినగారి మందులూ చేతికందేలా పెట్టుకో.

తాళంచెవి పక్కింటావిడకి ఇచ్చి వెళ్తున్నాను. వదినగారికి కింది గదే ఇవ్వు. ఊరగాయలు స్టవ్ పక్క అలమరలో ఉన్నాయి. కెర్రీ టికెట్లు మాత్రం ఇవాళే బుక్ చెయ్యి.

మీ పెద్దమ్మ