పాత రాకెట్ పెట్టెలు తెరిచే ముందు

అమ్మలూ,

ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న తెనాలి నుంచి ఫోన్ చేశాడు. మోకాలి నొప్పి సంగతి, కౌలు డబ్బుల సంగతి అయిపోయాక, ఇక పెట్టేస్తాడనగా అసలు మాట బయటపెట్టాడు. "అమ్మాయి బొమ్మ రాకెట్లు కట్టుకునే పాత కిట్లు కొన్నదట అన్నయ్యా. డాలస్‌లో ఎవరో పెద్దాయన పోతే ఆయన సామాన్లు వేలం వేశారట, ఒక పెట్టెడు కొనుక్కున్నదట. పిల్లలతో కలిసి ఎగరేస్తుందట. రాకెట్లో పెట్టే మందు కూడా ఆ పెట్టెలోనే ఉందట, విడిగా కొనక్కర్లేదట."

కిట్ల మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. చివరి మాట విన్నాక నిద్ర పట్టలేదు. మూడింటికి లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

పులకరింత సంగతి ముందు చెబుతాను. 1993 దీపావళికి నేను సెలవు మీద వచ్చాను. నీకు ఎనిమిదేళ్ళు. డాబా మీద మగపిల్లలకు తారాజువ్వలు, ఆడపిల్లలకు కాకరపువ్వొత్తులు పంచింది మీ నానమ్మ. నువ్వు నా పంచె కొస పట్టుకొని "పెదనాన్నా, తారాజువ్వకు ఆ పుల్ల ఎందుకు?" అని అడిగావు. నేను జవాబు వెతుక్కునేలోగా ఒకదాని పుల్ల సగానికి విరిచి, సీసాలో నిలబెట్టి, మీ బాబాయి చేత వెలిగించావు. అది ఆకాశం వైపు పోకుండా పాములా మెలికలు తిరిగి పక్కింటి వసారాలో దూరింది. నానమ్మ నిన్ను కొట్టబోతే నేను అడ్డుపడ్డాను. నువ్వు ఏడవలేదు. "పుల్ల అందుకన్నమాట" అన్నావు. ఆ మాట ముప్పై ఏళ్ళుగా నాలో ఉంది. అయితే ఆ రాత్రి నా చేతులు వణికాయని నీకు తెలియదు. ఎందుకో కింద రాస్తాను.

కిట్ల గురించి. నేను చదువుకోవడానికి ఒహాయోలోని డేటన్ వచ్చిన కొత్తలో, 1975 ప్రాంతాల, బస్సు దిగే చోట ఒక బొమ్మల కొట్టు ఉండేది. కొలరాడోలో పెన్‌రోజ్ అనే చిన్న ఊరి నుంచి ఎస్టెస్ వాళ్ళ కిట్లు, అరిజోనాలో ఫీనిక్స్ నుంచి సెంచురీ వాళ్ళ కిట్లు గోడకు వేలాడేవి. స్టార్ ట్రెక్ టీవీ సీరియల్లోని అంతరిక్ష ఓడలు అప్పుడే వచ్చాయి. 1977 తరువాత స్టార్ వార్స్ సినిమా ఓడలు వచ్చాయి. ఉపకార వేతనంలో అద్దె పోగా మిగిలేది అంతంత మాత్రమే, అందుకని అద్దంలోంచి చూసి వెళ్ళిపోయేవాడిని. లోపల ఉండేదల్లా ఒక కాగితపు గొట్టం, బాల్సా అనే తేలిక కలప పలక, ముక్కు, ప్లాస్టిక్ పారాచ్యూట్, నీళ్ళలో నానబెట్టి అంటించే డెకాల్ కాగితం. ఆ అయిదు వస్తువులు ఒక అంతరిక్ష నౌకై, మూడు నాలుగు వందల అడుగులు ఎగిరి గొడుగు విప్పుకొని దిగివస్తాయి. సినిమాకు పనిచేసినవాళ్ళు ఆ ఓడను ఎగరడానికి గీయలేదు, ఎగురుతున్నట్టు కనబడడానికి గీశారు. దాన్ని నిజంగా ఎగరేయడం ఈ బొమ్మల కిట్ల వాళ్ళ ఘనత. ఈ మాట మీ పిల్లలకు తప్పకుండా చెప్పు.

పెట్టె తెరవగానే జిగురు సీసా వెతకవద్దు. మొదట డెకాల్ కాగితాన్ని, పక్కన స్కేలు పెట్టి, స్కాన్ చేయి. అది ఒక్కసారి నీళ్ళలో పడి ముక్కలైతే మళ్ళీ దొరకదు. పసుపు పచ్చగా మారి ఉంటే కొన్నాళ్ళు ఎండ తగిలే కిటికీ అద్దానికి అంటించి ఉంచు, చాలావరకు తెల్లబడుతుంది. వాడే ముందు పైన పారదర్శకమైన లక్క పూత ఒకటి కొట్టు, లేకపోతే నీళ్ళలో చిట్లిపోతుంది. బాల్సా పలక మీద అచ్చు కొట్టిన రెక్కలను కాగితం మీద గీసుకో. గొట్టాల పొడవు, లోపలి రింగుల దూరం రాసుకో. ఇవన్నీ చేతికి వచ్చాక అసలు కిట్‌ను మళ్ళీ సంచిలో పెట్టి, ఆ కొలతలతో కొత్త సామానుతో నకలు కట్టు. ఎగరవలసింది నకలు. మా తరంలో దీన్ని తక్కువగా చూసేవారు ఉండేవారు. నేను ఒప్పుకోను. చెట్టు కొమ్మకు చిక్కుకున్నా ఏడవనక్కర్లేని రాకెట్టే పిల్లల చేతికి ఇవ్వదగింది. ఎస్టెస్ ఇంటర్‌సెప్టర్ లాంటివాటిని కంపెనీయే తరువాత మళ్ళీ అమ్మింది కాబట్టి, అలాంటి వాటికి నకలు కూడా అక్కర్లేదు, కొత్తది కొనుక్కో.

రెక్కకు బాల్సా నార ముందంచు వెంట పోవాలి, అడ్డంగా పోతే గాలికి విరుగుతుంది. ముక్కును గొట్టానికి కట్టే పాత రబ్బరు తాడు తీసి పారేయి, అది లాగి చూసినప్పుడు బాగానే ఉంటుంది, గాలిలో తెగుతుంది. పారాచ్యూట్‌కు టాల్కం పౌడరు చల్లి మడత పెట్టు. దాని కింద మంటకు అంటుకోని కాగితం కొత్తది పెట్టు.

ఇప్పుడు నువ్వు విరిచిన పుల్ల దగ్గరికి వద్దాం. మామూలు రాకెట్‌కు రెక్కలు తోకన ఉంటాయి, బరువు ముందు ఉంటుంది. సినిమా ఓడలు గాలి లేని చోటు కోసం ఊహించినవి, అందుకే రెక్కలు నడుముకో మెడకో ఉంటాయి, బరువంతా వెనక. మోటారు, అంటే మందు కూరిన చిన్న గొట్టం, ఎక్కించాక ఆ బరువు ఇంకా వెనక్కి జరుగుతుంది. ఇలా ఎగిరే ప్రతి బొమ్మ రాకెట్‌కూ బరువు కేంద్రం (తూగే చోటు) ముందు, గాలి ఒత్తిడి కేంద్రం (గాలి తోపంతా పడినట్టుండే చోటు) వెనక ఉండాలి, ఆ రెంటి నడుమ కనీసం గొట్టం వెడల్పంత దూరం ఉండాలి. తారాజువ్వ పుల్ల చేసేది ఈ పనే. మోటారు, పారాచ్యూట్ అన్నీ పెట్టి, ఓడ సరిగ్గా తూగే చోట దారం కట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పు. ముక్కు ముందుకు పెట్టి పోతే సరే. తోక ముందుకు వచ్చిందంటే, పక్కకు తిరిగిందంటే, ముక్కులో మోడలింగ్ క్లే ముద్ద పెట్టి మళ్ళీ తిప్పు. క్లే పెట్టినకొద్దీ బరువు పెరుగుతుంది, మోటారు కంపెనీ చెప్పిన గరిష్ఠ బరువు దాటకుండా చూసుకో. ఇంటి వెనక పెరట్లో ఈ పరీక్ష నెగ్గని ఓడను మైదానానికి తీసుకుపోవద్దు, పిల్లలు ఎంత బతిమాలినా సరే.

మోటారు పేరు చదవడం నీకు ఒక్క నిమిషం పని. ఎ అంటే మొత్తం ప్రచోదనం (తోపును అది సాగే కాలంతో గుణిస్తే వచ్చేది) 2.5 న్యూటన్ సెకన్ల వరకు, బి అంటే 5 వరకు, సి అంటే 10 వరకు. తరువాతి అంకె సగటు తోపు, చివరిది మందు కాలిపోయాక పారాచ్యూట్ విప్పడానికి ఆగే సెకన్లు. సినిమా ఓడలు లావుగా ఉండి గాలికి తొందరగా వేగం కోల్పోతాయి, కాబట్టి చివరి అంకె చిన్నదిగా ఉండాలి. సి6-7 పెడితే గొడుగు విప్పుకునేలోగా నేలను గుద్దుకుంటుంది. సి6-3 పెట్టు.

ఇక నన్ను నిద్ర పోనివ్వని సంగతి.

1991లో ఒక శనివారం, డేటన్‌కు ఉత్తరాన ఒక ఇంటి ముందు సామాన్లు పెట్టి అమ్ముతుంటే, ఒక అంతరిక్ష యుద్ధనౌక కిట్ దొరికింది. ఏ కంపెనీదో చెప్పను, తప్పు నాది కాబట్టి. దానితో పాటు ఒక అట్టపెట్టె నిండా పాత మోటార్లు. ఇల్లుగలావిడ "మా ఆయన వాటిని గ్యారేజీ అటక మీద దాచుకునేవాడు" అన్నది. నేను ఎంత సంబరపడ్డానో! కిట్ ఏ కాలానిదో మోటారూ ఆ కాలానిదే. ఎప్పుడో కొట్టు అద్దంలోంచి చూసి వదిలేసిన రోజు పెట్టెతో సహా దొరికిందనుకున్నాను. మావాడికి, అంటే మీ అన్నయ్యకు, పదకొండేళ్ళు. వసంతమంతా ఇద్దరం కూర్చొని ఆ ఓడ కట్టాం. రెక్కలకు సాండ్ పేపర్ పట్టింది వాడే. డెకాల్స్ అంటించినప్పుడు శ్వాస కూడా బిగబట్టాడు.

జూలైలో గోధుమ కోసిన పొలంలో ఎగరేయడానికి అనుమతి దొరికింది. నేలంతా ఎండిన మొదళ్ళు. ముందు నా పాత రాకెట్లు రెండింటికి ఆ పెట్టెలోని మోటార్లే పెట్టాను. రెండూ చక్కగా ఎగిరి చక్కగా దిగాయి. అక్కడే నేను మోసపోయాను. పెట్టెలో రెండు బాగుంటే మిగతావీ బాగున్నట్టేనని, ఇంజనీరు చదువు చదివినవాడిని, నమ్మాను. మూడోది ఆ యుద్ధనౌకకు పెట్టాను. వాడు అయిదు నుంచి ఒకటి వరకు లెక్కపెట్టాడు. మీట నొక్కాను. ఓడ లేవలేదు. దాన్ని నిలబెట్టిన కడ్డీ మీదనే తుపాకి పేలినట్టు చప్పుడైంది. గొట్టం చీలి, మండుతున్న ముక్కలు మొదళ్ళలో పడ్డాయి.

వాడు పరుగెత్తాడు. నేను కేక వేశాను, వినలేదు. మంటలో ఉన్న ముక్కును కుడి చేత్తో పట్టుకొన్నాడు. అది ప్లాస్టిక్. కరిగి అరచేతికి అంటుకొంది.

నీళ్ళు లేవు. నలుగురం బూట్లతో తొక్కి ఆర్పేలోగా ఒక గది మేర నేల నల్లబడింది. పొలం యజమాని ముసలాయన ఒక బకెట్ నీళ్ళతో పరుగున వచ్చి పోశాడు, పిల్లవాడి చెయ్యి చూసి ఒక్క మాట కూడా అనకుండా తన ట్రక్కులో ఎక్కించుకున్నాడు. తరువాత రెండు వారాలు మీ పెద్దమ్మ పదకొండేళ్ళ కొడుక్కు పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఏమైందో తరువాత చదివి తెలుసుకొన్నాను. ఆ మోటారులో ఉన్నది నల్లటి తుపాకి మందు, గట్టిగా అదిమి పెట్టిన ఒక దిమ్మ, చుట్టూ కాగితపు గొట్టం. వేసవి అటక మీద వేడికి వ్యాకోచించి, శీతాకాలం గడ్డ కట్టే చలికి ముడుచుకుని, ఏడాదికేడాది అదే జరిగితే, దిమ్మకూ గొట్టానికీ మధ్య వెంట్రుకంత సందు పడుతుంది, దిమ్మలోనే పగుళ్ళు వస్తాయి. నిప్పు అంటగానే ఒక కొస నుంచి నెమ్మదిగా కాలవలసినది ఆ సందుల వెంట పాకి ఒక్కసారే కాలుతుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు. నేను చూశాను కదా, కొత్తదానిలా ఉంది.

కాబట్టి నీ పెట్టెలోని మోటార్లు ఎగరేయవద్దు. ఒక్కటి కూడా. టెక్సస్ అటకలు ఒహాయో అటకల కన్నా వేడి. "మచ్చుకు ఒకటి పరీక్షించి చూద్దాం" అని నీకు అనిపిస్తుంది, నాకు తెలుసు, అది నా బుద్ధే. మచ్చు బాగుండడమే నా కొంప ముంచింది. వాటిని బకెట్ నీళ్ళలో వేసి, గొట్టం విచ్చుకుని మందు బురదయ్యేవరకు నానబెట్టి పారేయి. ఖాళీ అట్టపెట్టె దాచుకో, అది అందంగా ఉంటుంది. కోపం తెచ్చుకోకు తల్లీ, ఓడ ఎంత పాతదైనా కట్టుకో, దాని లోపలి నిప్పు మాత్రం ఈ ఏడాది కొన్నది కావాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. విద్యుత్ మీటతోనే వెలిగించాలి, అగ్గిపుల్లతో కాదు. డి మోటారు వరకు కనీసం 15 అడుగుల దూరంలో నిలబడాలి. మీట నొక్కినా వెలగకపోతే మీటకున్న తాళం తీసి జేబులో వేసుకొని 60 సెకన్లు ఆగిన తరువాతే దగ్గరికి వెళ్ళాలి, ఆ నిమిషం పిల్లల చేత బిగ్గరగా లెక్కపెట్టించు. గంటకు 20 మైళ్ళు దాటి గాలి వీస్తే ఇంటికి వచ్చేయండి. కరెంటు తీగ మీద పడిన రాకెట్ ఇక మనది కాదు. ఇవన్నీ అమెరికాలో బొమ్మ రాకెట్లు ఎగరేసేవాళ్ళ సంఘం, నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ, నియమావళిలో ఉన్నాయి, అచ్చు తీసి ఫ్రిజ్ మీద అంటించు. మొదటిసారి ఒంటరిగా వెళ్ళవద్దు, రాకెట్ క్లబ్బు వాళ్ళతో వెళ్ళు. అక్కడి ముసలివాళ్ళు నాలాగే ఆగకుండా మాట్లాడతారు, విను.

నియమావళిలో లేనిది ఒకటి నా సొంతం. రెండు బకెట్ల నీళ్ళు, రెండు తడి గోనెసంచులు, పిల్లలకు తోలు బూట్లు. వేసవిలో మీ కౌంటీ నిప్పు నిషేధం ప్రకటిస్తే ఆ నెల రాకెట్ మాట ఎత్తవద్దు. దిగిన రాకెట్‌ను ఎవరు తెచ్చుకోవాలో ముందే చెప్పు, వాళ్ళు నడిచే వెళ్ళాలి. ఎంత దూరమైనా నడిచే.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు మీ నాన్న ముందు ఎగరేసి చూపించాలని ఉందట. మోటార్లు విమానంలో, చేతి సంచిలో గాని పెద్ద పెట్టెలో గాని, తీసుకుపోకూడదు. తెనాలి డాబా మీద నకలు ఒకటి ఊరికే నిలబెట్టి చూపించు. వాడు దాని ముక్కు తడిమి చూస్తాడు, చాలు. ఎగిరేటప్పుడు వీడియో తీసి పంపు.

నిన్న మీ నాన్న ఫోన్ పెట్టేశాక సియాటిల్‌లో మీ అన్నయ్యకు ఈ సంగతి చెప్పాను. 1991 తరువాత వాడు నాతో మైదానానికి రాలేదు, నేనూ రమ్మనలేదు. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "ఏ రోజు ఎగరేస్తుందట?" అని అడిగాడు.

తేదీ ఖాయం కాగానే ఇద్దరికీ చెప్పు. బకెట్లు నేను చూసుకుంటాను.

మీ పెదనాన్న