కోర్సు సంగతి తర్వాత, ముందు ఆ ఫారం సంగతి చూడండి

ప్రశ్న: డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. ఆన్‌లైన్ మాక్ టెస్టులు పెట్టే ఓ కొత్త స్టార్టప్‌లో ఇంటర్న్‌గా చేరాను. సైట్‌కి రోజుకు 200 మంది దాకా వస్తున్నా, రిజిస్టర్ అయ్యేది ముగ్గురే. ఫారంలో పేరు, ఈమెయిల్, ఫోన్ నంబర్, కాలేజీ అడుగుతున్నాం. ఈ సంఖ్య పెంచే పని నాకిచ్చారు. ఏ కోర్సు చేయాలి? దీనికి కెరీర్ ఉందా?

జవాబు: ముందు ఆ 200 మంది ఎవరో తేల్చండి. మీ ఆఫీసువాళ్లనీ, బాట్‌లనీ (తమంతట తామే సైట్లు తెరిచే ప్రోగ్రాములు) తీసేస్తే ఎంతమంది మిగులుతారో చూడండి. కొత్త సైట్లలో ఈ లెక్క ఒక్కోసారి నవ్వు తెప్పిస్తుంది.

తర్వాత, మీ సైట్ ఎప్పుడూ చూడని ఒకరి చేతికి ఫోన్ ఇచ్చి ‘ఓ టెస్ట్ రాయి’ అనండి. పక్కన కూర్చోండి, నోరు మెదపకండి. అదే కష్టం! పేరు చకచకా కొడతారు. ఈమెయిల్ కూడా. ఫోన్ నంబర్ గడి దగ్గరకొచ్చేసరికి బొటనవేలు ఆగిపోతుంది. ‘ఇదెందుకు?’ అన్నట్టు మీ వైపు చూస్తారు. మీరు పక్కన లేకపోతే ఆ చూపు కూడా ఉండదు, ట్యాబ్ మూసేస్తారు.

నన్నడిగితే, ఏమీ ఇవ్వకముందే అడగడమే మీ తప్పు. భాషలు నేర్పే యాప్ డ్యుయోలింగో చూడండి. ఖాతా తెరవకుండానే పాఠం మొదలుపెట్టనిస్తుంది, ప్రొఫైల్ మాట తర్వాత ఎత్తుతుంది. మీరూ పది ప్రశ్నల టెస్ట్ లాగిన్ లేకుండా రాయనివ్వండి. మార్కులు చూపించండి. ఏ చాప్టర్‌లో తడబడ్డారో వివరంగా కావాలన్నప్పుడు ఈమెయిల్ అడగండి. మార్కులు కూడా దాచేసి ‘రిజిస్టర్ అయితేనే చూపిస్తాం’ అంటే మాత్రం ఒళ్లు మండుతుంది.

సైట్లు వాడటానికి ఎంత సులువో పరీక్షించే యూజబిలిటీ నిపుణుడు జేరెడ్ స్పూల్ 2009లో ఒక ఉదంతం రాశారు. ఒక ఆన్‌లైన్ దుకాణంలో ‘రిజిస్టర్’ బటన్ తీసి ‘కంటిన్యూ’ పెట్టారు. ఖాతా తప్పనిసరి కాదని ఓ ముక్క చేర్చారు. కొనేవాళ్లు 45 శాతం పెరిగారట. మీది దుకాణం కాదు, అదే అంకె ఆశించకండి.

ఎవరో ఒకరు ‘ఏ/బీ టెస్ట్ చేద్దాం’ అంటారు. సగం మందికి పాత పేజీ, సగం మందికి కొత్తది చూపించి పోల్చడమన్నమాట. ఇప్పుడే వద్దు. మీ 1.5 శాతం (200లో ముగ్గురు) 2 శాతానికి చేరిందని నమ్మకంగా చెప్పాలంటే ఒక్కో వెర్షన్‌కి దాదాపు 11 వేల మంది కావాలి. రెండింటికీ కలిపి 22 వేలు, రోజుకు 200 మందితో అది మూడున్నర నెలల మాట. నిన్న ముగ్గురు, ఇవాళ ఐదుగురు అని పండగ చేసుకోవద్దు, అది గాలివాటం.

కెరీర్ అంటారా, బాగానే ఉంది. గ్రోత్ మార్కెటింగ్ (వాడేవాళ్లను పెంచే పని), ప్రొడక్ట్ అనలిస్ట్ (వాడకం లెక్కలు విశ్లేషించే పని), యూఎక్స్ రీసెర్చ్ (వాడేవాళ్ల ఇబ్బందులు గమనించే పని), మూడింటికీ ఇక్కడి నుంచే దారి. సైట్‌కొచ్చేవాళ్ల లెక్కలు చూపే గూగుల్ అనలిటిక్స్‌లో ఫనెల్ (ఏ మెట్టు దగ్గర ఎంతమంది జారిపోతున్నారన్న లెక్క) చదవడం గూగుల్ శిక్షణ సైట్ స్కిల్‌షాప్‌లో ఉచితంగానే నేర్చుకోవచ్చు. డబ్బు పెట్టి కోర్సు అక్కర్లేదు. సమయం పెట్టాలంటే డేటాబేస్ నుంచి లెక్కలు రాబట్టే భాష ఎస్‌క్యూఎల్ మీద పెట్టండి. ఏం చూశారు, ఏం మార్చారు, ఎంత మారింది, ఏది బెడిసికొట్టింది అన్నది ఎప్పటికప్పుడు రాసుకోండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ఆ కాగితం గురించే ఎక్కువ అడుగుతారు.

ఈలోగా ఆ ఫోన్ నంబర్ గడి ఎందుకు పెట్టారో మీ ఫౌండర్‌ని అడగండి. ‘ఎప్పటికైనా పనికొస్తుందని’ అంటే, ఈ వారమే తీసేయించండి.