ఒకే యంత్రంలో అనేక యంత్రాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాను. విశాఖపట్నంలో ఒక పెద్ద సంస్థ కంప్యూటర్ విభాగంలో పనిచేసే మా చిన్నాన్నగారు, తమ దగ్గర ఒకే మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) మీద పదుల కొద్దీ లినక్స్ సర్వర్లు నడుస్తాయనీ, వాటిలో ఒకటి పడిపోయినా మిగతావాటికి ఆ సంగతే తెలియదనీ చెబుతారు. అది ఎలా సాధ్యం? ఇది క్లౌడ్ వచ్చాక పుట్టిన పద్ధతేనా?
- ఒక విద్యార్థిని, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: మీ చిన్నాన్నగారు చెప్పినది అక్షరాలా నిజం. అయితే ఈ పద్ధతి క్లౌడ్ కంటే చాలా పాతది. అమెరికాలోని కేంబ్రిడ్జి నగరంలో ఐబీఎం సంస్థకున్న పరిశోధన కేంద్రంలో రాబర్ట్ క్రీసీ నాయకత్వాన తయారైన సీపీ-40 అనే వ్యవస్థ 1967 జనవరి నాటికే పనిలోకి వచ్చింది. ప్రత్యేకంగా మార్పులు చేసిన ఒకే ఒక్క సిస్టమ్/360 మోడల్ 40 అనే ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ యంత్రాన్ని అది 14 యంత్రాలుగా చూపించేది. వాటిలో ప్రతిదానికీ 256 కిలోబైట్ల మెమరీ ఉన్నట్టు కనిపించేది. అసలు మోడల్ 40కి గరిష్ఠంగా అమర్చగలిగిన మెమరీయే అంత! దాని వారసుడైన వీఎం/370ని ఐబీఎం 1972 ఆగస్టులో ప్రకటించింది. నేటి ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల మీద ఇదే పని చేసే జెడ్/వీఎం ఆ వంశంలోనిదే.

ఆ బృందం తీసుకున్న ఒక నిర్ణయం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. ఒకే యంత్రాన్ని అనేకమంది వాడుకోవాలంటే, ఆ అనేకమందినీ సంభాళించే భారీ ఆపరేటింగ్ సిస్టమ్ రాయాలన్నది అప్పటి సాధారణ ఆలోచన. వీరు ఆ పనిని రెండుగా విడదీశారు. సీపీ అనే నియంత్రణ ప్రోగ్రామ్ యంత్రానికి నకళ్లు సృష్టించడం తప్ప మరే పనీ పెట్టుకోదు. ప్రతి నకలులో నడిచే సీఎంఎస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్, తనను వాడే మనిషి ఒక్కరేనన్నంత నిశ్చింతగా పనిచేస్తుంది. రెండూ సరళంగా ఉండటానికి, దీర్ఘకాలం నిలవడానికి ఆ విభజనే కారణమని నా అభిప్రాయం.

ఇక ఎలా సాధ్యమన్న విషయానికి వద్దాం. ప్రాసెసర్ ఆదేశాలలో రెండు తరగతులున్నాయి. కూడడం, పోల్చడం, మెమరీ నుంచి చదవడం వంటివి సాధారణ ఆదేశాలు. డిస్కును కదిలించడం, మెమరీ రక్షణను మార్చడం, యంత్రం స్థితినే మార్చడం వంటివి ప్రత్యేకాధికారం అవసరమైన ఆదేశాలు. వర్చువల్ యంత్రంలోని, అంటే పైన చెప్పిన నకలులోని, ఆపరేటింగ్ సిస్టమ్‌ను సీపీ అధికారం లేని స్థితిలోనే నడుపుతుంది. సాధారణ ఆదేశాలు నేరుగా అసలు ప్రాసెసర్ మీదే నడుస్తాయి కాబట్టి వాటి వేగం తగ్గదు. అధికారం కావలసిన ఆదేశం రాగానే హార్డ్‌వేర్ దాన్ని అడ్డగించి, పగ్గాలను సీపీకి అప్పగిస్తుంది. సీపీ ఆ ఆదేశం ఫలితాన్ని ఆ వర్చువల్ యంత్రం వరకే అనుకరించి, ఏమీ జరగనట్టు దాన్ని ముందుకు నడిపిస్తుంది. ఈ జోక్యం ప్రతిసారీ కొంత సమయం తింటుంది. అందుకే ఐబీఎం తర్వాతి తరం ప్రాసెసర్లలో, వర్చువల్ యంత్రాన్ని హార్డ్‌వేరే స్వయంగా నడిపించి, తప్పనిసరైనప్పుడు మాత్రమే సీపీని పిలిచే ‘ఎస్ఐఈ’ అనే ఆదేశాన్ని చేర్చారు.

మెమరీని పేజీలుగా, అంటే చిన్న చిన్న సమాన భాగాలుగా, పంచుతారు. ఒక యంత్రం తన సున్నా చిరునామా అనుకునేది అసలు మెమరీలో మరెక్కడో ఉంటుంది. డిస్కుల సంగతి ఇంకా ఆసక్తికరం. పెద్ద డిస్కులో కొన్ని సిలిండర్లను (డిస్కు స్థలాన్ని కొలిచే భాగాలను) ‘మినీడిస్కు’గా విడదీసి ఒక్కో యంత్రానికి ఇస్తారు. అన్నదమ్ములు పంచుకున్న పొలంలో ఎవరి గట్టు నుంచి వారు కొలుచుకున్నట్టే, ప్రతి యంత్రమూ తన మినీడిస్కు సున్నా సిలిండరుతోనే మొదలవుతుందని భావిస్తుంది; అసలు స్థానాన్ని సీపీ కూడి చూసుకుంటుంది. నిర్వాహకులు పంపకంలో పొరపాటుగా ఒకే సిలిండరును ఇద్దరికి రాస్తే మాత్రం ఒకరి సమాచారాన్ని మరొకరు చెరిపివేసే ప్రమాదముంది. అలాంటి అతివ్యాప్తిని పట్టుకోవడానికే డిస్క్‌మ్యాప్ అనే ఆదేశం ఉంది, దాన్ని నిర్లక్ష్యం చేయకూడదు.

ఒక లినక్స్ కూలిపోయినా మిగతావాటికి తెలియకపోవడానికి కారణం ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది: దాని చేయి తనకిచ్చిన పేజీలను, సిలిండర్లను దాటదు. అయితే సీపీయే కూలితే దానిమీదున్నవన్నీ కూలతాయి. అందుకే ముఖ్యమైన సంస్థలు దాని కింద మరో పొరను వాడతాయి. 1988లో వచ్చిన పీఆర్/ఎస్ఎం, హార్డ్‌వేర్‌తోపాటే వచ్చే మైక్రోకోడు (యంత్రంలోనే నిక్షిప్తమైన ప్రోగ్రామ్) సాయంతో యంత్రాన్ని ‘ఎల్‌పార్’ అనే భాగాలుగా విడదీస్తుంది. ఎల్‌పార్‌కు ఇచ్చిన మెమరీ దానిదే. జెడ్/వీఎం మాత్రం ఉన్న మెమరీ కంటే ఎక్కువ మొత్తాన్ని తనమీద నడిచే వర్చువల్ యంత్రాలకు పంచగలదు. ఒక ఎల్‌పార్‌లో బ్యాంకు లావాదేవీలు, పక్క ఎల్‌పార్‌లో జెడ్/వీఎం, దానిమీద లినక్స్ సర్వర్లు ఉండటం మామూలే.

ప్రశ్న: ఇంత పాత పద్ధతి అయితే, మన పర్సనల్ కంప్యూటర్లలోకి అంత ఆలస్యంగా ఎందుకు వచ్చింది?
- ఒక ఉపాధ్యాయుడు, బరంపురం

జవాబు: వర్చువల్ యంత్రం సులభంగా సాధ్యం కావాలంటే ప్రాసెసర్‌కు ఉండవలసిన లక్షణాలను 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు సూత్రీకరించారు. యంత్రం స్థితిని బయటపెట్టే లేదా మార్చే ప్రతి ఆదేశమూ, అధికారం లేని స్థితిలో వాడితే, తప్పనిసరిగా అడ్డగించబడాలన్నది వారి షరతు సారాంశం. పర్సనల్ కంప్యూటర్లలో వాడే ఇంటెల్ ఎక్స్86 రకం ప్రాసెసర్లలో కొన్ని ఆదేశాలు అడ్డుపడకుండా నిశ్శబ్దంగా వేరే ఫలితం ఇచ్చేవి. వీఎంవేర్ సంస్థ 1999లో తెచ్చిన ఉత్పత్తి అటువంటి ఆదేశాలను నడుస్తుండగానే తిరగరాసి ఆ లోపాన్ని దాటింది. ప్రాసెసర్‌లోనే అందుకు సాయం 2005లో ఇంటెల్ నుంచీ, మరుసటి ఏడాది మరో ప్రాసెసర్ల తయారీ సంస్థ ఏఎండీ నుంచీ వచ్చింది.

ప్రశ్న: మెయిన్‌ఫ్రేమ్ కనిపించే అవకాశం మాకు లేదు. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంది, ఇంటర్నెట్ అంతంతమాత్రం. నేర్చుకోవడానికి మార్గముందా?
- ఒక డిగ్రీ విద్యార్థి, రాయగడ

జవాబు: ఉంది, పైగా ఆ పాత ల్యాప్‌టాపే చాలు. మెయిన్‌ఫ్రేమ్‌ను అనుకరించే హెర్క్యులీస్ అనే ఉచిత ప్రోగ్రామ్ లినక్స్ మీదా, విండోస్ మీదా నడుస్తుంది. దానిపై నడిచే పాత వీఎం/370 కూడా ఉచితంగా లభిస్తుంది. ఇవి పెద్ద దస్త్రాలు కావు; సిగ్నల్ బాగున్న చోట ఒకసారి దించుకుంటే, ఆ తర్వాత ఇంటర్నెట్ లేకపోయినా పనిచేయవచ్చు. తెర కోసం ఎక్స్3270 వంటి టెర్మినల్ ప్రోగ్రామ్ కూడా దించుకోవాలి. నేటి జెడ్/వీఎంకు లైసెన్సు అవసరం, కాబట్టి దాన్ని ఇలా నడపకూడదు. పాత వీఎం/370 మీద లినక్స్ నడవదు, దాని కాలం నాటి ప్రాసెసర్ నిర్మాణం వేరు. మొదట సీఎంఎస్‌ను మొదలుపెట్టి, ‘క్వెరీ వర్చువల్’ అని అడిగి చూడండి. ఆ యంత్రానికి ఉన్నట్టు చెబుతున్న మెమరీ, డిస్కులు, కార్డు రీడరు (రంధ్రాలు చేసిన పాతకాలపు అట్ట కార్డులను చదివేది), పంచి (ఆ కార్డులకు రంధ్రాలు చేసేది), ప్రింటరు వరుసగా కనిపిస్తాయి. తర్వాత రెండో యూజరుగా మరో టెర్మినల్‌లో ప్రవేశించి, మొదటి యంత్రపు పంచి నుంచి రెండో యంత్రపు రీడరుకు ఒక ఫైలు పంపండి. కార్డు ఎక్కడా లేకుండానే ఆ ఫైలు అవతలి రీడరులో 80 అక్షరాల వరుసలుగా వచ్చి కూర్చుంటుంది.