మనవడు ఫ్రెటర్నిటీలో చేరుతున్నాడు, నా భయం అనవసరమా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె అండి. మా అమ్మాయి వాళ్లు చాలా ఏళ్లుగా అమెరికాలోనే ఉంటున్నారు. మనవడు ఈ ఏడే పెన్సిల్వేనియాలో కాలేజీలో చేరాడు. అక్కడేదో ఫ్రెటర్నిటీ అట, కాలేజీ మగపిల్లల సంఘమట, అందులో చేర్చుకునే ముందు కొన్ని వారాల పాటు సీనియర్లు చెప్పినట్టల్లా చేయాలట. మొన్న వీడియో కాల్‌లో చూస్తే కళ్లు పీక్కుపోయి ఉన్నాడు. ఏంట్రా నాన్నా అంటే "చెప్పకూడదు అమ్మమ్మా, సీక్రెట్" అన్నాడు. మా అల్లుడుగారేమో "మా హాస్టల్లో ర్యాగింగ్ లేదా, మేం బతకలేదా" అని తీసిపారేస్తున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. అనవసరంగా భయపడుతున్నానంటారా?

జవాబు: అనవసరం కాదు పిన్నిగారూ. ఆ "సీక్రెట్" అన్న మాట దగ్గరే మీ మనసు ఆగింది చూడండి, సరిగ్గా ఆగాల్సిన చోటే ఆగింది.

ఫ్రెటర్నిటీలన్నీ చెడ్డవని నేను అనను. కొత్త ఊళ్లో నలుగురు తోడుంటారని పిల్లలు చేరతారు, అందులో తప్పేం లేదు. కానీ చేర్చుకునే ముందు పెట్టే ఈ పరీక్షల్లో, అక్కడ దాన్ని హేజింగ్ అంటారు, పిల్లలు చచ్చిపోతున్నారు, ఎక్కువగా మందు వల్ల. 2017లో లూసియానాలో ప్రశ్నకు తప్పు జవాబు చెప్పిన ప్రతిసారీ తాగించారు, ఆ అబ్బాయి రక్తంలో ఆల్కహాలు 0.495 శాతం తేలింది, అక్కడ బండి నడపడానికి హద్దు 0.08. 2021లో ఒహాయోలో ఇంకో అబ్బాయి చేత ఒక సీసా మందు మొత్తం తాగించి గదిలో దింపేసి వెళ్లిపోయారు, మూడు రోజులకు ప్రాణం పోయింది.

మీ మనవడున్న పెన్సిల్వేనియాలోనే 2017 ఫిబ్రవరిలో జరిగింది చెప్తాను, ఇది మీ అల్లుడుగారికి కూడా చదివి వినిపించండి. పందొమ్మిదేళ్ల కుర్రాడు, గబగబా తాగించారు, సెల్లార్ మెట్ల మీంచి పడిపోయాడు. స్పృహ లేనివాణ్ణి మోసుకొచ్చి సోఫా మీద పడేశారు. వెల్లకిలా తిరిగితే వాంతి గొంతుకు అడ్డం పడుతుందని వీపుకు పుస్తకాల బ్యాగు తగిలించారు. అంటే ప్రమాదమని వాళ్లకు తెలుసు! ఆసుపత్రికి తీసుకెళ్దామన్న ఒక కొత్త కుర్రాణ్ణి పక్కకు నెట్టేశారు. అంబులెన్సుకు ఫోన్ చేసేసరికి దాదాపు పన్నెండు గంటలు దాటింది. ఇదంతా ఆ ఇంట్లో కెమెరాల్లో రికార్డయింది కాబట్టి బయటికొచ్చింది.

మా హాస్టల్లోనూ ఒక జూనియర్‌కు ఇలాగే తాగించి చాప మీద వదిలేశారు, "పడుకున్నాడులే, పొద్దున్నకి దిగిపోద్ది" అని. వాచ్‌మన్ తాత వచ్చి వాణ్ణి పక్కకు తిప్పి, తెల్లారేదాకా లాంతరు పెట్టుకుని ఊపిరి చూస్తూ కూర్చున్నాడు. ఆయన లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. "మేం బతకలేదా" అనేవాళ్లు బతికినవాళ్లే కదండీ, బతకనివాడు వచ్చి చెప్పడు.

తాగడం ఆపినా కడుపులో ఉన్న మందు రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది, అందుకే పడుకోబెట్టాక ఇంకా దిగజారతాడు. లేపితే లేవకపోయినా, ఒళ్లు చల్లబడినా, పెదాలు నీలంగా మారినా, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు పట్టినా అది నిద్ర కాదు. కాఫీ, మజ్జిగ, చన్నీళ్ల స్నానం ఏవీ పనిచేయవు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేసి, వాళ్లొచ్చేదాకా కదలకుండా పక్కనే ఉండాలి.

పోలీసులొస్తే తనూ ఇరుక్కుంటానని పిల్లలు జంకుతారు. సోఫా మీద పడేశారని చెప్పానే, ఆ కుర్రాడు బతకలేదు, అతని పేరు మీదే 2018లో పెన్సిల్వేనియాలో చట్టం వచ్చింది, హేజింగ్‌లో ప్రాణం పోతే లేదా తీవ్రంగా గాయపడితే ఏడేళ్ల దాకా జైలు, "వాడే ఒప్పుకున్నాడు" అన్న వాదన చెల్లదు, సాయం కోసం ఫోన్ చేసి పక్కనే ఉన్నవాళ్లకు రక్షణ కూడా ఉంది. ఈ మాట మీ మనవడికి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ఆ రాత్రి పడిపోయేది వాడే కానక్కర్లేదు, వాడి పక్కవాడు కావచ్చు. 2024 డిసెంబరులో దేశమంతటికీ ఇంకో చట్టం వచ్చింది, దాని ప్రకారం తప్పుచేసిన సంఘాల వివరాలు కాలేజీ బయటపెట్టాలి. వాడు చేరబోయే సంఘం పేరు అందులో ఉందేమో అమ్మాయిని చూడమనండి.

వాణ్ణి తిట్టొద్దు, మానెయ్ అని ఒట్టు వేయించుకోవద్దు, అలా చేస్తే మీకు చెప్పడం కూడా మానేస్తాడు. "సీక్రెట్లు నాకొద్దు నాన్నా, ఎవరైనా లేవకపోతే మాత్రం ఫోన్ చెయ్" అనండి చాలు. సీనియర్ని అన్నగా అప్పగించే రాత్రి ఒకటుంటుంది, బిగ్ లిటిల్ నైట్ అంటారు, ఒహాయో అబ్బాయి ప్రాణం తీసింది అలాంటి రాత్రే. అది ఎప్పుడో మెల్లగా కనుక్కోండి. వాడికి రాత్రి పదకొండయ్యేసరికి మీకు మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర, చలికాలంలో అయితే తొమ్మిదిన్నర. ఆ టైముకి ఒకసారి ఫోన్ చేయండి, ఎత్తకపోతే వెంటనే అమ్మాయికి చెప్పండి.