గుంటూరు నుంచి క్వాంటం పరిశోధన ఉద్యోగాలకు దారి ఏది?

ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక క్వాంటం పరిశోధనలో ఉద్యోగాలు ఎక్కడుంటాయి, గుంటూరులోనే ఉండి అమరావతిలో రానున్న క్వాంటం టెక్నాలజీ కేంద్రం, అంటే అమరావతి క్వాంటం వ్యాలీ కోసం ఆగొచ్చా అని అడిగారు.

ఆగొద్దు. అమరావతిలో 156 క్యూబిట్ల (క్యూబిట్ అంటే క్వాంటం కంప్యూటర్‌లో సమాచారపు మూల యూనిట్) హెరాన్ ప్రాసెసర్‌తో క్వాంటం కంప్యూటర్ పెడతామని ఐబీఎం, టీసీఎస్ 2025లో ప్రకటించాయి. సంతోషమే. కానీ అలాంటి చోట ముందు గిరాకీ ఉండేది, నా అంచనాలో, అల్గారిదమ్‌లు రాసేవాళ్లకే. పైథాన్, క్విస్కిట్ (క్వాంటం ప్రోగ్రాములు రాసే ఐబీఎం ఉచిత సాఫ్ట్‌వేర్) ఇంటి దగ్గరే నేర్చుకోవచ్చు, ఖర్చు లేదు.

ల్యాబ్ పరిశోధనకైతే ఊరు దాటాల్సిందే. 2023లో కేంద్రం ఆమోదించిన నేషనల్ క్వాంటం మిషన్‌కు సుమారు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. కంప్యూటింగ్ హబ్ బెంగళూరు ఐఐఎస్‌సీలో, కమ్యూనికేషన్ హబ్ ఐఐటీ మద్రాసులో ఉన్నాయి. సెన్సింగ్‌కు బాంబే, మెటీరియల్స్‌కు ఢిల్లీ ఐఐటీలు. చెన్నై మనకు రాత్రి రైలు దూరమే కదా!

మొదటి మెట్టు సాధారణంగా జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) లేదా ప్రాజెక్ట్ అసోసియేట్. నెట్, గేట్, జెస్ట్ ప్రవేశ/అర్హత పరీక్షల్లో ఒక్క స్కోరైనా చేతిలో ఉంచుకోండి. నోటిఫికేషన్లు ఆయా సంస్థల వెబ్‌సైట్లలో వస్తాయి, గడువు తక్కువ. శాశ్వత సైంటిస్టు పోస్టుకు మాత్రం పీహెచ్‌డీ, చాలాసార్లు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన) కూడా కావాలి.

చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. సూపర్‌కండక్టింగ్ క్యూబిట్ చిప్‌ను పరమ శూన్య ఉష్ణోగ్రతకు (సుమారు మైనస్ 273 డిగ్రీల సెల్సియస్) డిగ్రీలో వందో వంతు దగ్గరదాకా చల్లబరిచి, మైక్రోవేవ్ పల్సులతో నడుపుతారు. ఆ కేబుళ్లు, యాంప్లిఫయర్లు చూసుకోవడానికి ఈసీఈ వాళ్లు కావాలి. మీ ఇంట్లో బీటెక్ ఈసీఈ తమ్ముడుంటే వాడికీ చెప్పండి.