పద్దెనిమిది నెలల సేవకు వెళ్తున్నాం... డిపాజిట్లు కదపాలా?

ప్రశ్న: దక్షిణ మధ్య రైల్వేలో రిటైరయ్యాను, వయసు 66. మా ఆవిడకు 63, ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేసింది. సికింద్రాబాద్‌లో సొంతిల్లు. యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం సభ్యులం. జూలై మొదటి వారంలో 18 నెలల సేవకు ఇద్దరం ఫిలిప్పీన్స్ వెళ్తున్నాం. మిషన్ ఆఫీసులో పని. ఖర్చు మాదే, నెలకు 1,15,000 దాకా అవుతుందన్నారు. నా పెన్షన్ 58,000, ఆమెకు ఈపీఎఫ్ పెన్షన్ 2,300. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 2024లో వేసిన 30 లక్షలు, ఎఫ్‌డీల్లో 24 లక్షలు ఉన్నాయి. ఇంటికి 18,000 అద్దె వస్తుంది. ఫ్లాటు కొనుక్కుంటాను, 15 లక్షలు సర్దమని మా అబ్బాయి అడుగుతున్నాడు. ఏం చేయమంటారు? మేం ఎన్నారైలం అయిపోతామా?

జవాబు: మీ సంఘానికి మన దేశంలో మొదటి స్టేక్ (కొన్ని స్థానిక సమాజాలు కలిసిన విభాగం) 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది కాబట్టి ఇలాంటి ఉత్తరాలు ఇంకా వస్తాయనే అనుకుంటున్నాను. ముందు లెక్క చూద్దాం.

స్కీము మీద 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, అంటే నెలకు 20,500. రెండు పెన్షన్లు, అద్దె కలిపితే 98,800. అక్కడి ఖర్చుకు తోడు ఇక్కడ ఆరోగ్య బీమా ప్రీమియం, ఇంటి పన్ను, మీరు మానరు కాబట్టి సంఘానికిచ్చే దశమ భాగం, ఇవన్నీ కలిపి నెలకు 17,000 అనుకుందాం. మొత్తం 1,32,000. నెలకు 33,200 తగ్గింది. పద్దెనిమిది నెలలకు దాదాపు ఆరు లక్షలు.

ఈ ఆరు లక్షలను ఆరు ఎఫ్‌డీలుగా విడగొట్టి, మూడు నెలలకొకటి మెచ్యూర్ అయ్యేలా వేయండి. లక్ష చేతికొస్తే మూడు నెలల లోటు తీరుతుంది. స్కీము జోలికి వెళ్లొద్దు. రెండేళ్లు నిండాక తీసినా అసలులో ఒక శాతం కోస్తారు, నిండకపోతే ఒకటిన్నర.

అయితే ఆ 1,15,000 అంకెను నేను పూర్తిగా నమ్మను. కుర్ర మిషనరీలకు నెలకింతని ఒకే మొత్తం కట్టే పద్ధతి ఉంది. అది దంపతులకు వర్తించదు, మీ ఖర్చును బట్టే మీ బిల్లు. విదేశాల్లో సేవ చేసే దంపతుల ఇంటి ఖర్చుకు సంఘం 2011లో నెలకు 1,400 డాలర్ల పరిమితి పెట్టింది. 18 నెలలకు తక్కువైతే టికెట్లు సొంతంగా కొనుక్కోవాలన్న నియమం కూడా అప్పుడే వచ్చింది. ఇప్పుడు మీకు ఏది ఎంతో పిలుపు లేఖలో చూసుకుని, లేకపోతే మిషన్ ఆఫీసుకు మెయిల్ పెట్టి కనుక్కోండి.

లేఖలో రాయని ఖర్చు మీ దినచర్యలో ఉంటుంది. ఇంటింటికీ తిరిగే పని మీకుండదు. పొద్దున్నే ఆఫీసు, వీసా కాగితాలు, కుర్ర మిషనరీలుండే గదులు ఎలా ఉన్నాయో చూసి రావడం, జ్వరం వచ్చినవాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లడం. సోమవారం బట్టలుతుక్కోవడం, సంతకెళ్లడం. ఇల్లు వదిలొచ్చిన ఇరవై ఏళ్ల పిల్లలు చుట్టూ ఉంటే మీ ఆవిడ వాళ్లకు అన్నం పెట్టకుండా ఉండదు. ఆ వంట ఖర్చు ఎవరి అంచనాలోనూ రాదు. బియ్యం, చేపలు, చింతపండు, తూటికూర అక్కడా దొరుకుతాయి, అది మీ అదృష్టం. కందిపప్పు కోసం మాత్రం ఇండియన్ షాపు వెతుక్కోవాలి, రేటు కూడా వాడు చెప్పిందే. నెలకు పదివేలు అదనంగా వేసుకోండి, 18 నెలలకు 1,80,000.

ఇక అసలు భయపడాల్సింది అక్కడి ఖర్చుకు కాదు, మీరు లేనప్పుడు ఇక్కడ ఆగిపోయే వాటికి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ అందకపోతే మీ రైల్వే పెన్షన్ ఆగుతుంది. తర్వాత ఇస్తే బకాయిలతో సహా వస్తుంది గానీ, ఆ నెలల్లో అక్కడ అద్దె ఎవరు కడతారు? లైఫ్ సర్టిఫికెట్‌ను ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్‌లో ముఖ గుర్తింపు 2021 నుంచి ఉంది. వెళ్లే ముందు మీ ఫోన్లో ఒకసారి చేసి చూసుకోండి. అక్కడ అది మొండికేస్తే మనీలాలోని భారత రాయబార కార్యాలయం ఉంది. మీ ఆవిడ ఈపీఎఫ్ సర్టిఫికెట్‌కు నవంబరుతో పని లేదు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. జూన్‌లో ఇచ్చి వెళ్తే మళ్లీ వచ్చే జూన్‌లోనే.

ఓటీపీలన్నీ వచ్చే సిమ్ సంగతి కూడా చూసుకోండి. రోమింగ్ ఇక్కడే ఆన్ చేయించుకోండి, రీఛార్జ్ తప్పనివ్వకండి. వాడకుండా వదిలేస్తే కొన్నాళ్లకు నంబరు ఇంకొకరికి పోతుంది. ఖాతాలు ఇద్దరిలో ఎవరైనా నడపగలిగే ‘ఐదర్ ఆర్ సర్వైవర్’లో ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంటి పనులకు అబ్బాయికో, నమ్మకమైన ఇంకొకరికో అధికారం ఇవ్వాలంటే అద్దె, రిపేర్లు, పన్ను వరకే రాసిన ప్రత్యేక పవర్ ఆఫ్ అటార్నీ చాలు. అమ్మే హక్కున్న జనరల్ పవర్ ఎవరికీ ఇవ్వొద్దు. ఇంట్లో చుట్టాల పిల్లల్ని ఊరికే ఉంచడం కూడా నాకు నచ్చదు. తిరిగొచ్చాక ఖాళీ చేయమనడానికి మొహమాటపడతారు.

లాలాగూడ రైల్వే ఆసుపత్రి కార్డు అక్కడ పనిచేయదు. ఇక్కడి బీమా పాలసీ కూడా మామూలుగా అంతే. అయినా దాన్ని వదులుకోకండి. ఈ వయసులో కొత్తది తీసుకుంటే పాత జబ్బులకు మళ్లీ వెయిటింగ్ పీరియడ్ మొదలవుతుంది. ట్రావెల్ పాలసీలు చాలావరకు ఆరు నెలలకు మించి ఇవ్వరు. సంఘం తరఫున ఆరోగ్య పథకం మీకు ఉందా, బీపీ, షుగర్ లాంటివి కవరవుతాయా, రోగిని స్వదేశానికి తీసుకొచ్చే ఖర్చు ఇస్తారా, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకుండా విమానం ఎక్కొద్దు. అది కాక హఠాత్తుగా తిరిగి రావడానికి, ఆసుపత్రి అడ్వాన్సుకు ఆరు లక్షలు ముట్టుకోకుండా పెట్టుకోండి.

డబ్బు పంపేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. విదేశాలకు పంపేది ఆర్థిక సంవత్సరంలో ఒకరి పాన్ మీద 10 లక్షలు దాటితే, దాటిన మొత్తానికి బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తు పన్ను) పట్టుకుంటుంది. పన్నెండు నెలల ఖర్చు 13,80,000 ఒకే ఆర్థిక సంవత్సరంలో మీ ఒక్కరి పేరునే పంపితే 76,000 పోతుంది. రిటర్నులో సర్దుకోవచ్చు గానీ అప్పటిదాకా ఇరుక్కుపోతుంది. సగం మీరు, సగం మీ ఆవిడ ఖాతా నుంచి పంపితే ఆ బాధే లేదు.

ఎన్నారైల సంగతి. మీరు వెళ్లేది ఉద్యోగానికి కాదు కాబట్టి ఆదాయపు పన్నులో ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు 60 రోజుల బదులు 182 రోజులు చూసే సడలింపు మీకు వర్తించదు. ఆర్థిక సంవత్సరంలో 60 రోజులు, అంతకుముందు నాలుగేళ్లలో 365 రోజులు ఇక్కడ ఉంటే రెసిడెంటే. వెళ్లే ఏడాది ఏప్రిల్ నుంచి జూన్ వరకు, తిరిగొచ్చే ఏడాది జనవరి నుంచి మార్చి వరకు ఉంటారు కాబట్టి రెండేళ్లూ రెసిడెంట్లే. తిరుగు ప్రయాణం ఫిబ్రవరి చివరికి జరిగితే రెండో ఏడాది లెక్క మారుతుంది. విదేశీ మారక చట్టం ఫెమా లెక్క వేరు, అది అంతకుముందు ఏడాది ఎన్నాళ్లున్నారో చూస్తుంది. ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా (ఎన్నారైలు ఇక్కడి ఆదాయానికి వాడే ఖాతాగా) మార్చాలా అని బ్యాంకుకు ఇప్పుడే ఉత్తరం రాసి జవాబు తీసుకోండి.

మీ అబ్బాయి 15 లక్షలు. ఎఫ్‌డీలు 24 లక్షలు. లోటుకు ఆరు, అత్యవసరానికి ఆరు, అన్నం పెట్టే ఖర్చుకు రెండు తీస్తే మిగిలేది పది. ఆ పదీ ఇచ్చేస్తే తిరిగొచ్చేసరికి మీ చేతిలో స్కీము తప్ప ఏమీ ఉండదు. ఇంటికి రెండు నెలలు అద్దె రాకపోయినా ఇబ్బందే. ఇవ్వాలనే ఉంటే నాలుగు లక్షలకు మించొద్దు, మిగతాది తిరిగొచ్చాక చూద్దామనండి. ఈ మాట వెళ్లే ముందే, మీ ఆవిడ కూడా పక్కనున్నప్పుడు చెప్పండి. వెళ్లాక ఫోన్లో అడిగితే కాదనడం ఇంకా కష్టం.